చిన్న వేళ్ల వాదన

కోవెంట్రీలో నేను పనిచేసే కేర్ హోమ్ నుంచి మా ఫ్లాట్‌కు రావాలంటే రెండు బస్సులు ఎక్కాలి. మొదటిది దిగి రెండోది ఎక్కే స్టాపుకు ఎదురుగా ఒక చిన్న బ్రాంచి లైబ్రరీ ఉండేది. 2009 చలికాలంలో నేను మొదటిసారి అందులో అడుగుపెట్టాను. పుస్తకం కోసమని చెప్పుకుంటే అబద్ధమవుతుంది. కాళ్లు కొంకర్లు పోతుంటే వెచ్చదనం కోసం వెళ్లాను. వారం రోజులు కిటికీ కింది రేడియేటర్ పక్కన కూర్చుని, బస్సు వేళకు లేచి వెళ్లిపోయాను. అరలోంచి పుస్తకం తీస్తే ఎవరో వచ్చి డబ్బులు అడుగుతారని నా అనుమానం. అందుకని దేన్నీ ముట్టుకోలేదు.

ఎనిమిదో రోజున లైబ్రేరియన్ నా దగ్గరకు వచ్చింది. గ్లాస్గో మనిషి. ఆమె మాట గులకరాళ్లు దొర్లినట్టు ఉంటుంది, సగం అర్థమై సగం కాదు. మీకు ఎలాంటి పుస్తకాలు ఇష్టమని అడిగింది.

"అన్నీ" అన్నాను.

అప్పటికి ఇంగ్లీషులో నేను మొదటి నుంచి చివరిదాకా చదివినవి మా అమ్మాయి స్కూలు పుస్తకాలే. దానికి ఎనిమిదేళ్లు. అది గడగడా చదువుతుంటే పక్కన కూర్చుని వేలు పెట్టి వెంబడించేదాన్ని. ఆ సంగతి లైబ్రేరియన్‌కు తెలియదు, లేదా తెలిసీ నవ్వలేదు. ఫారం నింపించి, కార్డు చేతిలో పెట్టి, ఒకేసారి పన్నెండు పుస్తకాలు తీసుకోవచ్చంది. పన్నెండూ తీసుకున్నాను. బస్సు డ్రైవర్ నా సంచులు చూసి పరీక్షలా అని అడిగాడు. అవునన్నాను.

ఆ "అన్నీ" అన్న మాటను నిజం చేయడానికి నాకు నాలుగేళ్లు పట్టింది. ఎలా చదివానో చెప్పుకోవడం నాకు ఇష్టం, విసుగనుకోకండి. మొదట పిల్లల అరలు. తర్వాత కొత్తగా చదవడం నేర్చుకునే పెద్దవాళ్లకని పెట్టిన పలచటి పుస్తకాలు. ఆ తర్వాత పెద్ద అక్షరాల అర. చూపు తగ్గిన ముసలివాళ్ల కోసం అచ్చువేసిన నవలలవి. వాటితో నాకు రెండు లాభాలు: తెలియని మాట పెద్దగా కనిపించేది, చదివిన కథ కేర్ హోమ్‌లో ముసలివాళ్లకు చెప్పడానికి పనికొచ్చేది. ఒక నోటుబుక్కు పెట్టాను. ఎడమ పేజీలో ఇంగ్లీషు మాట, కుడి పేజీలో తెలుగు. ఏ పుస్తకమైనా మొదటిసారి డిక్షనరీ లేకుండా చదవాలి, రెండోసారి దానితో చదవాలి. ఈ రూలు నాకు ఎవరూ చెప్పలేదు, నేనే పెట్టుకున్నాను. ఇప్పటికీ ఇంతకన్నా మంచి పద్ధతి ఉందంటే నమ్మను.

2012లో పెద్ద అక్షరాల అర అయిపోయింది. నిజంగానే అయిపోయింది, అందులో నేను చదవనిది మిగల్లేదు. అప్పుడు చరిత్ర వైపు నడిచాను. అమెరికా అని రాసి ఉన్న అరలో కిందివరసన, మామూలు పుస్తకాల పక్కన పట్టక అడ్డంగా పడుకోబెట్టిన ఒక పెద్ద ఫొటోల పుస్తకం ఉంది. తెరిచిన పేజీలో ఒక చిన్నపిల్ల. వందేళ్ల కిందటి అమెరికా, దక్షిణాదిన ఏదో నూలు మిల్లు. రెండు వరసల యంత్రాల మధ్య సందులో నిలబడి ఉంది. గౌనుకు దూది పోగులు అంటుకున్నాయి. ఒక చెయ్యి యంత్రం మీద వేసింది, ఇంకో చెయ్యి పక్కన వేలాడుతోంది. ఆ వేలాడే చేతిని చూసి నేను అక్కడే నేల మీద కూర్చున్నాను.

బొటనవేలు మిగతా నాలుగు వేళ్లకూ తగలకుండా పక్కకు పెట్టి ఉంది. అలా ఎందుకు పెడతారో నాకు తెలుసు. తగిలితే మండుతుంది గనక.

మాది కర్నూలు జిల్లా. మా చుట్టుపక్కల ఊళ్లలో సీడు పత్తి వేసేవాళ్లు, అంటే బట్టల కోసం కాకుండా విత్తనం కోసం పండించే పత్తి. ఆ చేలల్లో మొగ్గమొగ్గనూ చేత్తో గిల్లాలి. రేపు విచ్చుకోబోయే మొగ్గను ఈ పూట చూసి, గోటితో చుట్టూ గాటు పెట్టి, రేకులనూ లోపలి పుప్పొడినీ ఒక టోపీలా ఊడదీయాలి. మధ్యలో ఉన్న సన్నటి కాడ మాత్రం మిగలాలి. మరునాడు పొద్దున వేరే మడిలోని మగ పువ్వు తెచ్చి దానికి రాయాలి. దీన్ని మావైపు క్రాసింగ్ అంటారు. ఆ పని ఆడపిల్లలదే. పెద్దమనిషైన పిల్ల ముట్టుకుంటే మొగ్గ రాలిపోతుందనేవాళ్లు. చిన్నపిల్లల వేళ్లయితే సన్నగా ఉంటాయి, మొగ్గకు దెబ్బ తగలదనేవాళ్లు. మా నాయన రైతు దగ్గర అడ్వాన్సు తీసుకున్న ఏడాది నేను నాలుగో తరగతి. వానాకాలం సెలవని చెప్పి తీసుకుపోయారు. ఆ సెలవు మళ్లీ అయిపోలేదు.

ఇంత వివరంగా ఇప్పుడు రాస్తున్నానుగానీ, ఈ సంగతి కోవెంట్రీలో నా భర్తకు తప్ప ఎవరికీ తెలియదు. ఆయన మా మేనమామ కొడుకు, మిషన్ హాస్టల్లో ఉండి చదివి నర్సయ్యాడు. మేము వచ్చిన కొత్తలో తెలుగు క్రైస్తవుల ఫెలోషిప్‌కు వెళ్లాం. ఆదివారం మధ్యాహ్నాలు ఒక స్కూలు హాలు అద్దెకు తీసుకుని అందరం కలిసేవాళ్లం. అక్కడున్నవాళ్లలో ముప్పాతిక మంది నర్సులే. ఆడవాళ్ల కూటానికి పెద్దగా ఉండేది గుంటూరు ఆంటీ. ముప్పై ఏళ్ల సర్వీసున్న సీనియర్ నర్సు, గొంతు మైకుతో పనిలేనిది.

"నువ్వేం చదివావమ్మాయ్?" అంది నన్ను మొదటిరోజే.

నేను నోరు తెరిచేలోగా మా బావ అన్నాడు, "ఇంటర్ ఆంటీ."

"ఇంటరా! మరి అక్కడితో ఆపేశావేంటమ్మా? మా చెల్లెలు ఇంటర్ తప్పి కూడా నర్సింగ్ చేసింది."

బయటికి వచ్చాక బావను అడిగాను, "ఎందుకన్నావు అట్లా?"

"నోట్లో నుంచి వచ్చేసిందిలే. ఈడ నిన్ను సర్టిఫికెట్ ఎవురు అడుగుతారు?"

ఎవరూ అడగలేదు. నేను ఏడేళ్లు ఇంటర్ చదివినదానిగానే ఉండిపోయాను. మా అమ్మాయి కూడా అదే నమ్మింది.

ఆ ఫొటోల పుస్తకాన్ని మూడుసార్లు రెన్యూ చేయించుకున్నాను. దాని చివర ఇచ్చిన పుస్తకాల పట్టికలోంచి ఒక్కొక్కటీ రాసుకొచ్చి ఇస్తే, లైబ్రేరియన్ వేరే ఊళ్ల లైబ్రరీల నుంచి తెప్పించింది. బొగ్గు గనుల్లో రాళ్లు ఏరే మగపిల్లల గురించి, తెల్లవారకముందే ఆల్చిప్పలు వలిచే పిల్లల గురించి, చెప్పుల్లేని కాళ్లతో నూలు యంత్రాల మీదికి ఎక్కి నిండిన కండెలు తీసే పిల్లల గురించి చదివాను. ఆ ఫొటోలు తీసినాయన అంతకుముందు బడిపంతులట. మిల్లుల్లోకి రానివ్వకపోతే బైబిళ్లు అమ్మేవాడిననో, ఇంకేదో చెప్పి దూరేవాడట. పిల్లల ఎత్తు కొలవడానికి తన కోటు గుండీలే ఆయనకు కొలబద్ద: ఈ పిల్ల నా మూడో గుండీ దాకా వచ్చిందంటే ఇంత ఎత్తని లెక్క. చేయి జేబులో పెట్టుకుని, ఎవరూ చూడకుండా లోపలే రాసుకునేవాడట. పిల్లల్ని పనిలో పెట్టుకోకూడదని 1916లో చట్టం వస్తే, రెండేళ్లకే కోర్టు కొట్టేసింది. మళ్లీ గట్టి చట్టం వచ్చేసరికి 1938. ఇవన్నీ నోటుబుక్కు చూడకుండా చెప్పగలను.

2013 వేసవిలో లైబ్రేరియన్ ఒక కొత్త పని మొదలుపెట్టింది. నెలకొక శనివారం మధ్యాహ్నం, లైబ్రరీకి వచ్చేవాళ్లలో ఒకరు తాము చదివినదాని గురించి ఇరవై నిమిషాలు మాట్లాడాలి. ప్రొఫెసర్లు వద్దు, పాఠకులే కావాలంది. ఆగస్టు శనివారానికి నా పేరు రాయనా అంది. రాయమన్నాను. ఆ క్షణంలో నాకు భయం వేయలేదు. నా జీవితంలో నేను సొంతంగా, ఎవరి చేతి నుంచీ తీసుకోకుండా సంపాదించుకున్నది ఈ చదువొక్కటే. దాన్ని నలుగురి ముందు పెట్టే రోజు వచ్చిందని సంతోషం.

భయం తర్వాత వచ్చింది, గుంటూరు ఆంటీ రూపంలో.

"ఏంటమ్మాయ్, బీపీ చూపించుకుందామని డాక్టర్ క్లినిక్‌కి వెళ్తే అక్కడ బోర్డు మీద నీ పేరు అంటించి ఉంది! లెక్చర్ ఇస్తున్నావంటగా?"

"లెక్చర్ కాదు ఆంటీ, చిన్న మాట."

"చిన్నదో పెద్దదో మేమంతా వస్తాం. డిగ్రీలున్నోళ్లకే తెల్లోళ్ల ముందు నోరు పెగలదు, నువ్వేం చెప్తావో చూడాలి. భయపడకు, పులిహోర చేసుకొస్తా."

ఇంటికి వచ్చి బావకు చెప్పాను. ఆయన అప్పుడే డ్యూటీ దిగి కాళ్లు చాపుకుని ఉన్నాడు.

"అయితే మన సంగతి చెప్తావా?" అన్నాడు.

"చెప్పను. ఇది పుస్తకాల సంగతి."

"ఎవురన్నా అడిగితే?"

"అడగరు."

మొండితనమే, కానీ దానికి కారణం ఉంది. నేను పత్తి చేలో పనిచేశానని చెబితే వాళ్ల కళ్లల్లో జాలి వస్తుంది. అయ్యో పాపం అంటారు. ఇక ఈ సంగతి మీద నేను చదివిన ముప్పై పుస్తకాలూ ఆ అయ్యోపాపం కింద పడి నలిగిపోతాయి. వాళ్లు నన్ను పాఠకురాలిగా వినాలి. ఆ ఇరవై నిమిషాలూ అలా విన్నారంటే నేను గెలిచినట్టు. ఇంటర్ అబద్ధం కూడా నాలుగు గోడల మధ్యే ఉండిపోతుంది, మా అమ్మాయి ముందు తల వంచుకునే పని ఉండదు.

ఆ శనివారం బాగా ఎండ కాసింది. పాతికమంది వచ్చారు. మొదటి వరసలో మా ఫెలోషిప్ ఆడవాళ్లు ఐదుగురు, పట్టుచీరల్లో, ఒళ్లో టప్పర్‌వేర్ డబ్బాలతో. వాళ్ల చివర మా అమ్మాయి. పన్నెండేళ్లది, మోకాళ్ల మీద ఫోను పెట్టుకుని, అమ్మ పరువు తీస్తుందేమోనన్న ముఖంతో. వెనక బావ. మిగతావాళ్లంతా లైబ్రరీకి రోజూ వచ్చేవాళ్లు. వాళ్లలో ఒక పెద్దాయన నాకు బాగా తెలుసు. కార్ల ఫ్యాక్టరీలో ఫోర్‌మన్‌గా చేసి రిటైరయ్యాడు, పొద్దున పేపరు ఎవరు ముందు తీసుకోవాలని ఆయనకూ నాకూ పోటీ.

మొదటి ఐదు నిమిషాలు ఘోరం. కాగితం చూసి రైలు పోతున్నట్టు చదివాను. లైబ్రేరియన్ చేత్తో నెమ్మది, నెమ్మది అని సైగ చేసింది. నీళ్లు తాగాను. గుండీల కొలత దగ్గరికి వచ్చేసరికి కాగితం వదిలేశాను. లైబ్రేరియన్‌ను ముందుకు పిలిచి, నా పక్కన నిలబెట్టి, నా కార్డిగన్ గుండీలతో ఆమె ఎత్తు కొలిచి చూపించాను. ఆమె నాకంటే జానెడు పొడుగు, గుండీలు చాలలేదు. హాలు నవ్వింది. అక్కణ్నుంచి నాకు నేల దొరికింది. ఎన్నేళ్లని అడిగితే పిల్లలంతా పన్నెండు అని అప్పజెప్పేవాళ్లని, కొన్ని మిల్లుల్లో పొట్టి పిల్లలకూ పన్నెండే, పొడుగు పిల్లలకూ పన్నెండేనని చెబితే ఇంకా నవ్వారు. తర్వాత ఎందుకు నవ్వామా అన్నట్టు ఊరుకున్నారు. ఇరవై నిమిషాలు అయిపోయాయి. చప్పట్లు కొట్టారు. ఆంటీ అందరికంటే గట్టిగా కొట్టింది.

గెలిచాననుకున్నాను. అప్పుడు ఫోర్‌మన్ చెయ్యెత్తాడు.

"బాగా చదివావు, ఒప్పుకుంటాను" అన్నాడు. "కానీ ఒక్క సంగతి నీ పుస్తకాలు వదిలేశాయి. మా నాయనమ్మ లాంకషైర్‌లో పన్నెండో ఏట మిల్లుకు వెళ్లింది, సగం రోజు బడి, సగం రోజు మిల్లు. తెగిన పోగు ముడేయడంలో తనంత వేగం ఎవరికీ లేదని చచ్చేదాకా చెప్పుకునేది. ఆ పనికి చిన్న వేళ్లు కావాలి. పెద్దవాళ్ల మొద్దు వేళ్లు ఆ సందుల్లో పట్టవు. తప్పో ఒప్పో, ఆ పనికి పిల్లలే సరిపోయేవాళ్లు. అది వాస్తవం కదా?"

"యజమానులు కూడా అదే రాశారు" అన్నాను.

"యజమానుల మాట కాదు. మా నాయనమ్మ మాట."

నలుగురైదుగురు తలలు ఊపారు. నా దగ్గర నోటుబుక్కు ఉంది. అందులో యజమానుల వాదన ఉంది, దానికి అప్పట్లో ఇచ్చిన జవాబులు ఉన్నాయి. వాటిలో ఒకటి రెండు చెప్పాను. ఆయన మర్యాదగా విన్నాడు, కానీ కదల్లేదు. పుస్తకం ఒకవైపు, నాయనమ్మ ఒకవైపు ఉంటే ఎవరైనా నాయనమ్మ వైపే ఉంటారు. హాల్లో గాలి మారిపోవడం నాకు తెలుస్తోంది. మా ఊరి చేలల్లో కూడా ఇదే మాట. చిన్న వేళ్లు, సన్నటి వేళ్లు. సముద్రానికి అటూ ఇటూ, వందేళ్లకు ముందూ వెనకా, అక్షరం తేడా లేకుండా అదే మాట. అది అబద్ధమని నాకు పుస్తకాల్లేకుండానే తెలుసు. ఆ తెలిసిన సంగతి చెప్పాలంటే ఎలా తెలిసిందో చెప్పాలి.

నా పక్క బల్ల మీద లైబ్రేరియన్ ఆ పొద్దున తన తోటలోంచి తెచ్చి కూజాలో పెట్టిన హాలీహాక్ కొమ్మలున్నాయి. ఇక్కడ ఇళ్ల ముందు ఆగస్టులో నిలువెత్తు పూస్తాయే, అవి. మన మందారానికి చుట్టం. బెండ, పత్తి, మందారం, ఇది, అన్నీ ఒకే కుటుంబమని నేను ఇదే లైబ్రరీలో చదివాను. కొమ్మ చివర్న రేపో ఎల్లుండో విచ్చుకునే మొగ్గలున్నాయి.

ఒకటి తుంచాను. నా ఆలోచన కంటే ముందు నా బొటనవేలు కదిలింది. గోటితో మొగ్గ అడుగున గాటు, చుట్టూ ఒక తిప్పు, పైకి ఒక లాగు. రేకులూ పుప్పొడీ కలిసి టోపీలా చేతిలోకి వచ్చాయి. లోపలి కాడ చెక్కుచెదరకుండా నిలబడింది. ఇంకొకటి. ఇంకొకటి. నాలుగు మొగ్గలు గిల్లి వరసగా బల్ల మీద పెట్టాను. అంతా కలిపి ఒక తుమ్ము తుమ్మేంత సేపు పట్టిందేమో.

"ఇవి పెద్ద వేళ్లు" అని రెండు చేతులూ ఎత్తి చూపించాను. "నాకు ముప్పై ఐదేళ్లు. చిన్నప్పుడు ఈ పని పత్తి చేలో చేశాను. అప్పుడు ఇంత వేగం లేదు. సగం మొగ్గలు పాడుచేసేదాన్ని, పాడుచేసినప్పుడల్లా చెవి మెలిపెట్టేవాళ్లు. మా వేళ్లు సన్నగా ఉన్నాయని మమ్మల్ని తీసుకోలేదు. పెద్దవాళ్లయితే నడుం నొప్పంటారు, ఇంటికి పోతామంటారు, కూలి పెంచమంటారు. మేము అనము. అందుకే తీసుకున్నారు."

ఫోర్‌మన్ వైపు తిరిగాను.

"మీ నాయనమ్మ చెప్పుకున్నదాంట్లో తప్పు లేదు. ఆమె వేళ్లు వేగమైనవే. పెద్దయ్యాక ఆ వేగం తగ్గిందా?"

"ఎనభై ఏళ్లకు కూడా స్వెట్టర్లు అల్లేది" అన్నాడు ఆయన. "వీధిలో ఆమెతో ఎవరూ పోటీ పడలేకపోయేవాళ్లు." తర్వాత తనలో తాను అనుకున్నట్టు, "అయితే మిల్లువాళ్లు ఆమెను నలభయ్యో ఏట కూడా ఆ పనికి పెట్టుకోగలిగేవాళ్లే" అన్నాడు.

ఆ మాట ఆయన నోటి నుంచి రావడం నాకు వంద చప్పట్లతో సమానం.

రెండో వరసలోంచి ఒక ముసలామె అడిగింది, మీకు ఈ పని ఎన్నో ఏట నేర్పారని.

"పద్నాలుగు" అన్నాను.

అని, నా మాటకు నేనే ఉలిక్కిపడ్డాను. మా చేలల్లోకి ఎప్పుడైనా లేబర్ ఆఫీసర్ల జీపు వస్తే, వయసు అడిగితే అందరూ పద్నాలుగు అనాలని మాకు నేర్పి ఉంచారు. ఒకసారి నిజంగానే వచ్చింది. ఒక సారు, ముందు పళ్లు రెండూ ఊడిపోయిన పిల్లను పట్టుకుని నీకెన్నేళ్లని అడిగాడు. "పద్నాలుగు సార్." మీ అక్కకు? "పద్నాలుగే సార్." మరి మీ అమ్మకు? ఆ పిల్ల కాసేపు ఆలోచించి, "మా యమ్మకూ పద్నాలుగే సార్" అంది. సార్లు నవ్వుకుంటూ జీపెక్కి వెళ్లిపోయారు. మేము మళ్లీ మొగ్గల మీదికి వంగాం. ఇన్నేళ్లయినా, ఇంగ్లండులో, ఒక ముసలామె ఆప్యాయంగా అడిగినా, నా నోరు ఆ జీపుకే జవాబు చెప్పింది.

"కాదు" అన్నాను. "ఎనిమిది. నాలుగో తరగతి మధ్యలో."

మొదటి వరసలోంచి తెలుగు వినిపించింది, మైకు అవసరం లేని గొంతుతో.

"నాలుగో తరగతా? ఇంటర్ అన్నావు కదే!"

హాలంతా ఆమె వైపు తిరిగింది. నేనూ తెలుగులోనే జవాబు చెప్పాను. "నేనెప్పుడూ అనలేదు ఆంటీ. అన్నది మా బావ. అదిగో, వెనక తల దించుకుని కూర్చున్నాడు."

ఫెలోషిప్ ఆడవాళ్లు ఐదుగురూ ఒక్కసారే వెనక్కి తిరిగి ఆయన్ని చూశారు. ఆయన ఇంకాస్త దించుకున్నాడు. గుంటూరు ఆంటీ నన్ను పైనుంచి కిందిదాకా చూసింది. నేను ఎదురుచూసిన జాలి ఆమె కళ్లల్లో వెతికాను. దొరకలేదు.

"ఓసి నీ దుంపతెగ" అంది. "నాలుగో తరగతితో ఇంత ఇంగ్లీషా! నేను డిప్లొమా చేసి ముప్పై ఏళ్లయింది, ఆ కోర్టూ చట్టాలూ ఒక్క ముక్క తెలీదు నాకు." తర్వాత పక్కనున్న ఇంగ్లీషామెకు ఇంగ్లీషులో, గర్వంగా, ఆ అమ్మాయి మా ఫెలోషిప్పేనని చెప్పింది.

నేను మా అమ్మాయి వైపు చూడడానికి కొంచెం సేపు పట్టింది. చూసేసరికి ఫోను ఒళ్లో లేదు, కుర్చీ కింద పడి ఉంది. అది చెయ్యి పైకెత్తింది, స్కూల్లో టీచర్ ముందు ఎత్తినట్టు నిటారుగా. నాకు నవ్వొచ్చింది. చెప్పమన్నాను.

"కెన్ యూ షో మీ, మమ్?" అంది. "స్లోలీ."

ఎందుకు దాచావని అడుగుతుందనుకున్నాను. ఆ ప్రశ్న బస్సులో అడిగింది, ఆ తర్వాత చాలా రోజులు అడుగుతూనే ఉంది, నేను చెబుతూనే ఉన్నాను. కానీ ఆ రోజు అందరి ముందూ అది అడిగింది నా పని చూపించమని. కూజాలోంచి కొమ్మ తీసి దాని చేతికిచ్చాను. మా తోటలో ఇంకా బోలెడున్నాయి, అన్నీ తీసుకోండి అంది లైబ్రేరియన్. దాంతో కుర్చీలు జరిగాయి. అందరూ బల్ల చుట్టూ చేరారు. గుంటూరు ఆంటీ డబ్బా కింద పెట్టి చీర కొంగు దోపుకుంది. "ఇటివ్వమ్మా. ముప్పై ఏళ్లుగా పసిపిల్లలకు నరం దొరకబుచ్చుకున్న చెయ్యి ఇది" అని గిల్లింది. మొగ్గ నడిమికి విరిగిపోయింది. "ఇది మంచి మొగ్గ కాదు" అని ఇంకోటి తీసుకుంది. ఫోర్‌మన్ కళ్లజోడు మార్చుకుని మూడు పాడుచేశాడు, నాలుగోది దాదాపు దక్కించుకున్నాడు.

మా అమ్మాయికి నేను గోరు ఎక్కడ పెట్టాలో చూపించాను. నెమ్మదిగా తిప్పమన్నాను. మొదటిది నలిగిపోయింది. రెండోదాని కాడ రేకులతో పాటే ఊడొచ్చింది. మూడోదాన్ని నాలుక బయటపెట్టి, ఊపిరి బిగబట్టి మొదలుపెట్టింది, అదీ తెగింది. వేళ్లకు పసరు అంటుకుంది, జీన్స్‌కు తుడుచుకుంది. ఐదోది కూడా పోయాక చేతులు ఎత్తేసి, "ఐ యామ్ రబ్బిష్ అట్ దిస్!" అని పడీపడీ నవ్వింది.

దాని చెయ్యి పట్టుకుని పైకెత్తాను. ఎంత సన్నటి వేళ్లో, గోళ్లకు నీలం రంగు.

"చూడండి" అన్నాను, హాల్లో ఆఖరి కుర్చీ దాకా వినిపించేలా, ఇంగ్లీషులో. "పన్నెండేళ్ల పిల్ల. చిన్న వేళ్లు. దీనికి ఈ పని బొత్తిగా రాదు."